పక్షులతో చెలిమి

కృష్ణా డెల్టాలో కోతలు ముగిసి కుప్పలు నూర్చు దినములలో ఇప్పటికిని కొన్ని ఇండ్లలో ఒక ఆచారము కనిపించును. కొత్త వరి కంకులను ఏరి, జడవలె అల్లి, కుచ్చుగా కట్టి, వసారా దూలమునకో గుడి మంటపమునకో వ్రేలగట్టుదురు. అది పిచ్చుకల పాలు. మా పెడనలోను, గుడివాడ, బందరు ప్రాంతపు గ్రామములలోను పాత పెంకుటిండ్లు నిలిచిన వీధులలో ఉదయము పూట నడచినచో ఈ దృశ్యము నేటికిని కంటబడును. పిచ్చుక తలక్రిందుగా వ్రేలాడుచు గింజను ఒలుచుకొనుచుండును. క్రింద అరుగుమీద ఇంటివారు కూర్చుండి మాటలాడుకొనుచుందురు. నడుమ నాలుగు మూరల దూరమైనను ఉండదు.

చిన్ననాటినుండి చూచుచున్నది కనుక ఇందులో మనకు వింత ఏమియు తోచదు. కాని పిచ్చుక బరువు మూడు తులములు కూడ ఉండదు. పిల్లి, డేగ, పాము, కాకి — అందరును దానికి శత్రువులే. అట్టి ప్రాణి తనకంటె రెండువేల రెట్లు బరువైన జంతువు నెత్తిమీద వ్రేలాడుచు నిశ్చింతగా భోజనము చేయుచున్నది. ఈ నిశ్చింత ఎట్లు కలిగినది? అడవి పిట్ట ఒకటి మనిషిని నమ్ముట అనగా ఏమి? ఆ నమ్మకమును కోరి సంపాదించుకొనవచ్చునా? సంపాదించుకొన్నచో దానివలన ఆ పక్షికి మేలా, కీడా? ఈ కడపటి ప్రశ్నయే మమ్ములను ఈ ప్రసంగమునకు పురికొల్పినది.

ముందుగా ఒక మాట తేల్చుకొనవలెను. పెంపుడు పక్షి వేరు, నమ్మిన పక్షి వేరు. పంజరములోని చిలుక యజమాని చేతినుండి జామపండు తినును. దానిని చూచి, ఎంత మాలిమియో అని మనము మురిసిపోదుము. కాని ఆ చిలుకకు మరియొక చేయి లేదు, మరియొక చోటు లేదు. వెళ్ళిపోవుటకు దారి తెరచియుండగా వెళ్ళకుండుటనే మేమిచ్చట నమ్మకమని వ్యవహరించుచున్నాము. ఈ కొలతతో చూచినచో పంజరములోని చిలుకకంటె వసారాలోని పిచ్చుకయే మనకు దగ్గర చుట్టము.

పక్షికి మనిషియందు భయము పుట్టుకతో వచ్చునా, నేర్చుకొనిన విద్యయా అని అడుగువారు కలరు. రెండును కొంతకొంత నిజమే. 1835వ సంవత్సరమున చార్లెస్ డార్విన్ పసిఫిక్ సముద్రములోని గాలపాగోస్ దీవులలో దిగినప్పుడు అచ్చటి పక్షులు మనుష్యులను చూచి చలింపలేదు. కొమ్మమీద కూర్చున్న ఒక డేగను ఆయన తుపాకి గొట్టముతో నెట్టెనట. ఆ దీవులలో పెద్ద మృగములు లేవు; మనిషి వచ్చి చేరి అప్పటికి ఎంతో కాలము కాలేదు. మనిషి ఎట్టివాడో ఆ పక్షులకింకను తెలియదు. అక్కడనే డార్విన్ మరియొక దృశ్యమును కూడ చూచెను. ఒక బాలుడు నూతి చెంత బెత్తము పట్టుకొని కూర్చుండి, నీరు త్రాగవచ్చిన పావురములను, చిన్న పిట్టలను ఒక్కొక్కదానినే కొట్టి భోజనమునకు కుప్పవేసికొనుచుండెను. నమ్మినందుకు పక్షి చెల్లించు వెల ఎట్టిదో ఆ నూతిగట్టు చెప్పుచున్నది. పక్షికి భయము అవివేకము కాదు. అది దాని ప్రాణరక్షణకు ఉన్న కవచము. మనము చెలిమి చేయబోవుచున్నాము అనగా ఆ కవచమును విప్పుమని దానిని అడుగుచున్నాము.

స్విట్జర్లాండు దేశమున జంతుప్రదర్శనశాలలకు అధికారిగా పనిచేసిన హైనీ హెడిగర్ అను శాస్త్రజ్ఞుడు ఈ భయమునకు ఒక కొలతను చూపెను. ప్రతి అడవి ప్రాణికిని ఒక పారిపోవు దూరము ఉండును. శత్రువు ఆ దూరములోనికి వచ్చువరకు అది చూచుచు ఊరకుండును. గీటు దాటిన క్షణమున లేచిపోవును. ఈ గీటు ఎల్లవేళల ఒక్కటిగా ఉండదు. దీనికి మన పొలములకంటె మంచి సాక్ష్యము అక్కరలేదు. దుక్కి సాగుచుండగా నాగలి వెంట తెల్లకొంగలు, గోరువంకలు, ఏట్రింతలు వరుసకట్టి నడచును. నేడు నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చినను అవి దాని చప్పుడును లెక్కచేయక చక్రముల ప్రక్కనే పురుగులను ఏరుకొనుచున్నవి. ఇంతలో ఒకడు గట్టుమీద ఆగి కొంగను తేరిపార చూచినచో, లేక చేతికర్ర పైకెత్తినచో, ఇరువది గజముల దూరమునుండియే అది ఎగిరిపోవును. మనిషి అదే మనిషి, కొంగ అదే కొంగ. తన పని తాను చేసికొనుచు ఒకే తీరున కదలువానిని పక్షి లెక్కపెట్టదు; తనయందు దృష్టి నిలిపిన వానినే లెక్కపెట్టును. శీతకాలమున బందరు తీరమునకు, దివిసీమ బురదనేలలకు వచ్చు ఉల్లంకుల విషయము వేరు. అవి మార్గమధ్యమున ఎందరు వేటగాండ్రను చూచి వచ్చినవో! వాటికి మనిషి ఆకారము దూరమున కనబడుటయే చాలును.

పారిపోవు దూరమును తగ్గించునది ముఖ్యముగా అలవాటు. ఒక వస్తువు మాటిమాటికి ఎదురై, ఎన్నడును కీడు చేయనిచో, ప్రాణి దానిని క్రమముగా పట్టించుకొనుట మానివేయును. శాస్త్రమున ఇది అత్యంత సరళమైన అభ్యాసమని లెక్క. మన పాఠకుల ఇండ్లలో దీనిని రేడియో సహాయముననే పరీక్షింపవచ్చును. గోడకు తగిలించిన పటము వెనుక పిచ్చుక గూడు కట్టినదనుకొందము. క్రింద బల్లమీద రేడియో పెట్టె ఉన్నది. ఉదయము ఆకాశవాణి ప్రారంభ సంగీతము, ఆపైన వార్తలు, సంగీతము ప్రతి దినము ఒకే వేళకు మ్రోగుచున్నచో పిచ్చుక కొన్ని నాళ్ళకు ముక్కుతో తెచ్చిన గడ్డిపోచను కూడ జారవిడువక గూటిలోనికి పోవుచుండును. కాని ఎవరో చుట్టము వచ్చి చప్పుడు చేయకుండ కుర్చీ యెక్కి పటము వెనుకకు తొంగిచూచినచో అది ఆ పూటకు తిరిగి రాదు. దానిని బెదరించునది పెద్ద చప్పుడు కాదు, కొత్త సంగతి.

కావున చెలిమి కోరువాడు మొదట చేయవలసినది తాను ఒక అలవాటుగా మారుట. ఒకే చోట, ఒకే వేళకు, వీలైనచో ఒకే రంగు బట్టతో కూర్చుండవలెను. నిలుచుండుటకంటె కూర్చుండుట మేలు. ఎత్తు తగ్గినకొలది భయము తగ్గును. పిట్టవైపు కన్నార్పక చూడరాదు. రెండు కన్నులు తన మీద నిలుపునది పిల్లి, గ్రద్ద. ఆ చూపును పక్షి ఎరుగును. ప్రక్కచూపుతో కనిపెట్టుచు చేతిలో ఏదో ఒక పని పెట్టుకొనుట మంచిది. వత్తులు చేసికొనుట, కూర తరుగుట, కండెలు చుట్టుట — ఇట్టి పనులు దీనికి మిక్కిలి అనుకూలము. గింజలు మొదట దూరముగా చల్లి, అవి వచ్చి తిని పోవుచున్నవని రూఢియైన తరువాత వారమునకొక జాన చొప్పున దగ్గరకు జరుపవచ్చును. అవి ఒకనాడు రానిచో మరల వెనుకకు జరుపవలెను. ఎంత దగ్గరకు వచ్చినను చేయి చాచరాదు. ఈ ఒక్క నియమమును పాటింపలేకయే చాలమంది మూడు నెలల శ్రమను మూడు క్షణములలో పోగొట్టుకొందురు.

ఏమి పెట్టవలెనను సందేహము కూడ తీర్చుకొందము. నూకలు, చోళ్ళు, సజ్జలు, కొర్రలు మంచివి. పచ్చడి కలిసిన అన్నము, ఉప్పు వేసిన జంతికల ముక్కలు వాటికి మేలు చేయవు. వేసవిలో గింజకంటె నీరు ముఖ్యము. లోతు లేని మట్టి మూకుడులో నీరు పోసి, జారకుండ కాలు మోపుకొనుటకు నడుమ ఒక రాయి ఉంచవలెను. మూకుడును ప్రతి దినము కడుగవలెను. పిల్లి పొంచుటకు వీలుగా పొద చాటున పెట్టరాదు.

నమ్మకము కలిగినదో లేదో పక్షియే చెప్పును. భయపడు పిట్ట ఈకలు బిగించి, మెడ నిక్కించి, ఒక కాలిమీద ఎగురుటకు సిద్ధముగా ఉన్నట్లు నిలుచును. గింజను ముక్కున కరచుకొని దూరము పోయి తినును. కొన్నాళ్ళకు అక్కడనే తినును. మరి కొన్నాళ్ళకు మన ముందర ఈకలు దువ్వుకొనును, దుమ్ములో పొర్లును, మూకుడులో మునుగును. ఈకలు తడిసిన పిట్ట వేగముగా ఎగురలేదు; కనుక మన ఎదుట స్నానమాడుట చిన్న విషయము కాదు. మనకు వీపు చూపి కూర్చుండుట అంతకంటె గొప్ప. పిల్లలు రెక్కలు వచ్చి ఎగురగానే వాటిని వెంటబెట్టుకొని మన ముంగిటికి వచ్చినదనుకొనుడు. అంతకుమించిన యోగ్యతాపత్రమును ఏ పక్షియు ఇయ్యలేదు. చేతిమీద వ్రాలుటనే అందరును గొప్పగా చెప్పుకొందురు గాని, మా దృష్టిలో అది ఆకలికి సంబంధించిన సంగతియే తరచుగాను.

మా పెడన నేతవారి వీధిలో ఒక మామ్మ ఉండెడిది. వసారాలో రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుట ఆమె పని. రాట్నపు కిర్రు చప్పుడు తెల్లవారగనే మొదలయ్యెడిది. పెరటి కొబ్బరిచెట్టు తొర్రలో కాపురమున్న గోరువంకల జంట ఆ చప్పుడుకు ముంగిట దిగెడివి. వాటిలో ఒకదానికి కాలివ్రేలు ఒకటి లేదు. అందుచేత దానిని గుర్తించుట సులభము. మామ్మ తన చద్దిలోనుండి ఉప్పు వేయకముందే నాలుగు మెతుకులు తీసి గడప అవతల పెట్టెడిది. పిలిచెడిది కాదు, చూచెడిది కాదు. వానకాలమున గోడమీద నుండి దిగుటకు సంకోచించిన కుంటి గోరువంక, సంక్రాంతి నాటికి గడప ఎక్కెను. ఎండలు ముదురునప్పటికి రాట్నపు చట్రముమీద కూర్చుండి తన భాషలో ఏదో చెప్పుట మొదలుపెట్టెను. అప్పుడు మనుమనికి ఆశ పుట్టినది. బుట్ట బోర్లించి పట్టుకొందమని బయలుదేరెను. మామ్మ రాట్నము ఆపకుండనే, "పట్టుకుంటే ఉంటుందిరా. రాదు" అన్నది. ఆ పిల్లవానికి అప్పుడేమి అర్థమైనదో చెప్పలేము గాని, బుట్టను మాత్రము లోపల పెట్టెను.

ఉంటుంది, రాదు — ఈ రెండు మాటల మధ్యనున్న భేదమును ఒక జీవితకాలము పరిశీలించిన విదుషి ఇంగ్లండు దేశమున ఉండెను. ఆమె పేరు లెన్ హోవర్డ్. లండను వాద్యబృందములలో వయోలా వాయించిన సంగీతజ్ఞురాలు. నగరమును విడిచి ససెక్సు మండలములోని డిచ్లింగు గ్రామము చెంత చిన్న కుటీరము కట్టుకొని, కిటికీలు తెరచి ఉంచి, పక్షులకు ఇంటిలోనికి దారి ఇచ్చెను. అవి ఆమె బల్లమీద తిని, పటముల వెనుక నిద్రించి, ఇచ్ఛ వచ్చినప్పుడు తోటలోనికి పోయెడివి. ఒక్కొక్క పిట్టను ముఖముచేతను నడకచేతను గుర్తించి, పేరుపెట్టి, దాని స్వభావమును ఏండ్ల తరబడి వ్రాసికొనెను. ఆమె గ్రంథము 1952లో వెలువడినది. ఒకే జాతి పిట్టలలో ధైర్యశాలియు పిరికియు, మొండియు సాధువును ఉందురనుట నాటి పండితులలో కొందరికి రుచింపలేదు. నేడు పక్షుల వ్యక్తిత్వ భేదములపై ప్రత్యేక పరిశోధనలే జరుగుచున్నవి. అపరిచితులు వచ్చినచో పక్షులు బెదరునని హోవర్డ్ అతిథులను ఇంటికి రానిచ్చుటకు జంకెడిది. పక్షుల కొరకు మనుష్యులను వదలుకొనుట అందరికిని సాధ్యము కాదు, అవసరమును కాదు.

పక్షులను మనము గుర్తించుట సరే, అవి మనలను గుర్తించునా? కాకి గుర్తించునని మన పెద్దలకు తెలియును. దీనిని అమెరికాలో సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున జాన్ మార్జ్లఫ్ అను ఆచార్యుడు 2006లో ఒక చిత్రమైన ఉపాయముతో నిరూపించెను. ఆయన బృందము ఆదిమానవుని ముఖము గల రబ్బరు తొడుగును ధరించి కొన్ని కాకులను పట్టి, కాళ్ళకు గుర్తులు వేసి విడిచిపెట్టెను. ఆ తరువాత ఆ తొడుగును ఎవరు ధరించి నడచినను కాకులు వెంటబడి అరచుట మొదలైనది. వేరొక ముఖము గల తొడుగును చూచి అవి అరువలేదు. ఏండ్లు గడచిన కొలది, పట్టుబడని కాకులు కూడ, పిల్లలతో సహా, ఆ ముఖమును తిట్టుట నేర్చుకొన్నవి. తద్దినమునాడు పిండము పెట్టి కాకి కొరకు ఎదురుచూచు గృహస్థు గమనింపదగిన విషయమిది: ఏడాది పొడవున రాయి విసరిన చేతిని ఆ ఒక్క దినమున కాకి ఎట్లు నమ్మును? ఏడాది పొడవున ఒక ముద్ద పెట్టినవాని పిలుపునకు ఎట్లు రాకుండును?

పక్షి నమ్మకము ముద్ద కొరకే అని తీసివేయువారికి ఆఫ్రికాలోని తేనెచూపు పిట్ట సంగతి చెప్పవలెను. మొజాంబిక్ దేశమున నియాస్సా అడవులలో యావో జాతివారు తేనె కొరకు తిరుగునప్పుడు ఒక ప్రత్యేకమైన ధ్వనిని చేయుదురు. నాలుకను అల్లలాడించి చివర ఒక హుంకారము చేర్చుదురు. దానిని విని ఆ పిట్ట వచ్చి, చెట్టునుండి చెట్టునకు ఎగురుచు, తేనెపట్టు ఉన్న తొర్రవరకు దారి చూపును. పొగ వేసి ఈగలను తోలి తేనె తీయుట మనిషి వంతు. మిగిలిన మైనము పిట్ట వంతు. ఈ పిట్టను ఎవరును పెంచలేదు, పట్టలేదు. 1588లోనే ఒక పోర్చుగీసు మతాచార్యుడు ఆ దేశమున దీనిని గూర్చి వ్రాసెను. తన దేవాలయములోని క్రొవ్వొత్తుల మైనమును అది కొరుకుచుండగా ఆయన చూచెనట. 2016లో క్లెయిర్ స్పాటిస్‌వుడ్ అను శాస్త్రవేత్త ప్రకటించిన పరిశోధన ప్రకారము, వేరే ధ్వని చేసినప్పుడు నూటికి 33 సార్లు దారి చూపిన పిట్ట, యావోవారి ధ్వని విన్నప్పుడు 66 సార్లు దారి చూపినది. ఇచ్చట మనిషి పక్షిని నమ్ముచున్నాడు, పక్షి మనిషిని నమ్ముచున్నది; ఇద్దరిలో ఎవరును బంధింపబడలేదు.

ఇక నమ్మకమువలె కనబడి నమ్మకము కానిది ఒకటి కలదు. ఆస్ట్రియా దేశస్థుడైన కొన్రాడ్ లోరెంజ్, గ్రుడ్డునుండి వెలువడిన బాతుపిల్లలు మొట్టమొదట ఎదురుగా కదలినదానినే తల్లిగా ముద్రవేసికొనునని వివరించెను. ఆయన నడచుచుండగా వెనుక బాతుపిల్లలు బారుగా నడచుచున్న చిత్రములు లోకప్రసిద్ధములు. జంతువుల ప్రవర్తనను గూర్చిన కృషికిగాను ఆయనకు మరి ఇద్దరితో కలిపి 1973లో నోబెల్ బహుమానము వచ్చెను. చిత్రము ముచ్చటగానే ఉండును. కాని అట్లు పెరిగిన పక్షులలో కొన్ని పెద్దవైన తరువాత తమ జాతిని తాము ఎరుగవు; జోడును కూడ మనుష్యులలోనే వెదకికొనును. ఈ ప్రమాదము తెలిసియే అమెరికాలో అంతరించిపోవుచున్న ఒక జాతి పెద్ద కొంగలను పెంచువారు తెల్లని ముసుగు కప్పుకొని, చేతికి కొంగతల వంటి బొమ్మ తొడుగుకొని పిల్లలకు మేత అందించిరి. వాటి ఎదుట మాటాడుట కూడ మానిరి. ఆ పిల్లలు తమను ప్రేమింపకుండుటకే అంత శ్రమ పడిరి. మేము విన్న పక్షిసేవలలో ఇంతకంటె నిస్స్వార్థమైనది లేదు.

ఈ వెలుగులో మన ఇండ్లలోని పంజరమును చూడవలెను. రామచిలుక 2018 నుండి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి. కలంకారీ అచ్చులలో చిలుకను చెక్కి, బట్టమీద అద్ది దేశదేశములకు పంపుచున్న ఊరు మాది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట, అమ్ముట, పంజరములో పెట్టుట నేరము. అయినను సంతలలో ఈకలు కూడ సరిగా రాని పిల్లలను బుట్టలలో తెచ్చి చాటుగా అమ్మువారు లేకపోలేదు. ఆ పిల్లలు తొర్రలోనుండి తీయబడినవి. కొన్నవాడు ప్రేమతోనే కొనును. ఆ ప్రేమయే మరియొక తొర్రకు చేటు తెచ్చుచున్నది. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని, దానిని పట్టి తెచ్చి కాళ్ళకు దారము కట్టి చూపి డబ్బులడుగుటయు ఇటువంటిదే. పాలపిట్ట పొలముగట్టున తీగెమీద తానుగా కనబడవలెను. మనము దాని కొరకు ఊరు దాటి నడచుటయే ఆ ఆచారములోని సొగసు.

చిక్కు సమస్య మరియొకటి కలదు. పక్షి తానుగానే మనలను వదలనిచో ఏమి చేయవలెను? ఉత్తరప్రదేశ్ రాష్ట్రమున అమేథీ జిల్లాలో 2022లో ఒక గ్రామస్థునికి పొలములో కాలు విరిగిన సారస పక్షి దొరికినది. సారసము మనిషి యెత్తు పక్షి. ఆయన కట్టుకట్టి, మేతపెట్టి కాపాడెను. గాయము మానిన తరువాత దానిని బంధింపలేదు, అది ఎగిరిపోవచ్చును. అయినను అది పోక, ఆయన వాహనము నడుపుచుండగా పైన ఎగురుచు కిలోమీటర్ల కొలది వెంటవచ్చెడిది. ఆ చిత్రములు దేశమంతట ప్రచారమైనవి. 2023 మార్చిలో అటవీశాఖవారు దానిని మొదట ఒక పక్షుల రక్షణకేంద్రమునకు, అటుపిమ్మట కాన్పూరు జంతుప్రదర్శనశాలకు తరలించిరి. రక్షించినవానికి చట్టము క్రింద నోటీసు కూడ అందినది. ఆయన చూడబోయినప్పుడు ఆ పక్షి గూటిలోనుండి రెక్కలు కొట్టుకొని ఎగిరిపడినదట. అడవి పక్షి అడవిలో, తన జాతి జోడుతో ఉండవలెనను చట్టపు ఉద్దేశము సరియైనదే. కాని దారి తెరచియున్న చోటునుండి తీసి దారి మూసియున్న చోట పెట్టుట ఆ ఉద్దేశమును నెరవేర్చినదని మేము ఒప్పుకొనలేము. గాయపడిన పక్షి దొరికినప్పుడు తొలినాడే అటవీశాఖకు, పశువైద్యునికి తెలియజేసి, మానగనే దొరికిన చోటనే విడుచుట ఉభయులకును క్షేమము.

ఒక్క మనిషిని ఒక్క పక్షి నమ్ముటకంటె, ఊరిని ఊరుగా పక్షులు నమ్ముట మరింత విశేషము. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమున గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటేట వచ్చి ఊరిలోని చెట్లమీదనే గూళ్ళు పెట్టును. అవి రానియేడు ఊరికి మంచిది కాదని గ్రామస్థుల విశ్వాసము. వాటిని సైబీరియా పక్షులని చెప్పుకొనుట వాడుక; నిజమునకు అవి మన దేశపు పక్షులే, నీటిని మేతను బట్టి తావులు మార్చుకొనునవి. దూరదేశపు అతిథులన్న గౌరవము వాటిని కాపాడుచున్నచో ఆ పొరపాటును దిద్దుటకు మాకు తొందర లేదు. నేటి తిరుపతి జిల్లాలోని నేలపట్టు చెరువులో నీట నిలిచి బ్రతుకు చెట్లమీద గూడబాతులు పిల్లలను పెంచుచున్నవి; ఆ చెరువు 1976లో రక్షణకేంద్రమైనది. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలమునకు ఎరువని అచ్చటి రైతులకు తెలియును. కొల్లేటి చెంత ఆరేడు అను గ్రామమున గూడబాతులు గూళ్ళు పెట్టుచుండుటను గూర్చి కె. కె. నీలకంఠన్ అను కేరళ పండితుడు 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పత్రికలో వ్రాసెను. అవి ఇప్పుడు అక్కడ లేవు.

గుడివాడ దాటి కైకలూరు పోయినచో ఆటపాక వచ్చును. అక్కడ చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. గూడబాతులు వాటిమీదనే గూళ్ళు పెట్టినవి. పడవలో పోవువారు కొద్ది బారల దూరమునుండి వాటిని చూచి రావచ్చును. ఆ పక్షియే మేతకు సమీపమున ఒక చేపల చెరువుమీద వ్రాలినచో కథ మారును. అక్కడ కాపలావారు టపాకాయలు కాల్తురు, డబ్బాలు వాయింతురు, ఒడిసెల విసరుదురు. అక్కడ గూడబాతు మనిషి తల కనబడగనే లేచిపోవును. చెరువుగలవాని నష్టము కూడ నష్టమే. చేపపిల్లకు అప్పు తెచ్చినవానికి గూడబాతు సొగసు కనబడునా? చెరువులపై వలలు, తీగెలు కట్టినచో పక్షి రాకుండ కొంత ఆపవచ్చును. కాని దానికి ఖర్చు కలదు. ఒక్క పక్షి ఒక్క దినములో రెండు రకముల మనుష్యులను గుర్తుంచుకొని బ్రతుకుచున్నదనుట మాత్రము స్పష్టము.

మరల మన వసారాకు వత్తము. పిచ్చుక ఇంటిలో గూడు పెట్టినచో ఇంటివారు కొన్ని సంగతులు తెలిసికొనియుండవలెను. పొదుగుట ఇంచుమించు 12 దినములు. పిల్లలు ఎగురుటకు మరి 15 దినములు. పెద్ద పిచ్చుక గింజలు తినును గాని పిల్లలకు మొదట పురుగులే కావలెను. పెరటి మొక్కలకు విషపు మందు కొట్టినచో నూకలెన్ని చల్లినను ఆ పిల్లలు దక్కవు. గూటికి దారి పంఖా మీదుగా ఉన్నచో ఆ నెల పంఖాను వేరొక గదికి పరిమితము చేయుట మంచిది. మన ఇండ్లలో పిచ్చుకలు అట్లు కూడ చచ్చుచున్నవి. కప్పు వేసిన కొత్త ఇండ్లలో తొర్రలు లేవు కనుక, చిన్న రంధ్రము గల చెక్కపెట్టెనో, ప్రక్కన బెజ్జము చేసిన చిన్న కుండనో, ఎండ తగులని గోడకు, పిల్లికి అందని ఎత్తున తగిలింపవచ్చును.

పిల్ల క్రిందపడినచో మనిషి ముట్టిన పిల్లను తల్లి చేర్చుకొనదని భయపడి వదలివేయువారున్నారు. అది నిజము కాదు. ఈకలు రాని పిల్లను మెల్లగా తీసి గూటిలో పెట్టవచ్చును. తల్లి వచ్చి మేపును. ఈకలు వచ్చి గెంతుచున్న పిల్ల తప్పిపోయినది కాదు, ఎగురుట నేర్చుకొనుచున్నది. దానిని పిల్లికి అందని కొమ్మమీద ఉంచి మనము తప్పుకొన్నచో చాలును. గ్రుడ్లు పెట్టునప్పుడు, పొదుగునప్పుడు మాత్రము మాటిమాటికి తొంగిచూచినచో జంట గూటిని విడిచిపోవచ్చును. పిల్లలు ఎగిరిపోయిన తరువాత కూడ గూటిని వెంటనే పీకివేయరాదు. పిచ్చుక ఏడాదిలో రెండు మూడు సార్లు అదే చోట పెట్టును. పండుగకు వెల్ల వేయించువారు నిచ్చెన ఎక్కకముందు ఆ పటము చెంత నిలిచి ఒక్క నిమిషము చెవి యొగ్గి వినవలెను. లోపల కిచకిచలు వినబడినచో, ఆ ఒక్క గోడ మరి రెండు వారములు ఆగవచ్చును.